ఏ వాసనా లేని ఉత్తరం

హా లెకుకా క్లినిక్,
మొఖొట్లొంగ్ కొండలు.
మార్చి 14

అత్తా,

నాకు పదేళ్ళప్పుడు బొగ్గుముక్కతో మన ఇంటి నేల మీద నీకు అక్షరాలు దిద్దించాను. అవి ఇలా ఉత్తరాలకు పనికొస్తాయని అప్పుడు మనిద్దరికీ తెలియదు. కాలేజీ రోజులు తప్ప ఇరవై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం, అప్పుడు కూడా సెలవులకి వచ్చేసేదాన్ని, ఒకరికొకరు రాసుకోవలసిన అవసరమే రాలేదు.

బస్సు దిగాక మళ్ళీ క్లినిక్ జీపులో ఒక పూటంతా ప్రయాణం. ఈ జీపు రెండు వారాలకొకసారి వస్తుంది. మందులు, కిరసనాయిలు, ఉత్తరాలు అన్నీ దాంట్లోనే.

నాకిచ్చిన ఇల్లు చూస్తే నువ్వు నోరు వెళ్ళబెడతావు. సిమెంటు ఇటుకల గోడలు, పైన రేకులు, రెండు గాజు కిటికీలు. ఊళ్ళో మిగతావన్నీ రాతి గోడల మీద గడ్డి కప్పిన చుట్టిళ్ళే. మన వంశంలో మూలలున్న ఇంట్లో కాపురం పెట్టిన మొదటిదాన్ని నేనే. మూలల్లో ఏం పెట్టాలో తెలియక ఒకదాంట్లో చీపురు, ఒకదాంట్లో పెట్టె పెట్టాను. మిగిలిన రెండూ ఖాళీగా ఉన్నాయి.

నిన్న ఊరి ఆడవాళ్ళు పారలు భుజాన వేసుకుని గొర్రెల దొడ్డికి పోతూ క్లినిక్ ముందు ఆగారు. వాళ్ళకి పెద్దదిక్కు మాటుమెలో అనే ముసలామె. మొగుడు పోయాడు, నోరు మాత్రం గట్టిగా ఉంది.

"నర్సమ్మా, పొయ్యిలోకి పెంట పెళ్ళలు కోయడానికి వస్తావా? దొడ్డిలో నీకూ ఒక మూల వదిలాం" అంది.

ఆ పొద్దునే నేను వాళ్ళందరినీ వరండాలో కూర్చోబెట్టి పొగ గురించి గంటసేపు చెప్పాను అత్తా. పసిపిల్లల దగ్గు గురించీ, ఊపిరితిత్తుల గురించీ. అదంతా చెప్పి సాయంత్రానికి నేనే పార పట్టుకుంటే ఏం బాగుంటుంది?

"నేను పెంట కాల్చనమ్మా. నాకు కిరసనాయిలు హీటరు ఉంది. మీరు కూడా తగ్గించుకోవాలి" అన్నాను.

"పొగ మెల్లగా చంపుతుంది బిడ్డా. చలికి అంత ఓపిక ఉండదు" అంది ఆమె. అందరూ నవ్వుకుంటూ పోయారు. నేనూ నవ్వాను. కానీ చదువుకున్నదాన్ని నేనే చదివింది పాటించకపోతే ఎవరు పాటిస్తారు?

నువ్వు కూడా ఆ పెళ్ళలు మానెయ్. కాలేజీలో మాకు చూపించిన బొమ్మలో పొగ పట్టిన ఊపిరితిత్తి మన ఇంటి వాసంలాగే నల్లగా ఉంది. నీ దగ్గు దాని వల్లే. బయల్దేరే ముందు నీకు కొనిచ్చిన చిన్న హీటరు వాడుకో. ఈ మాట వింటానని నాకు రాయి.

నీ
పుసెలెట్సో

*

హా రమొసా,
మఫెతెంగ్.
ఏప్రిల్ 2

పుసే,

ఎలా లేచావు? నేను బాగానే లేచాను.

నీ ఉత్తరం రెండు రోజులు చదివాను. ఇది నాలుగు రోజులు రాశాను. తప్పులుంటే ఆ పాపం నేర్పినదానిది.

పిల్లా, నీకు బుద్ధుందా? వచ్చే నెల నుంచే చలికాలం, కొండ మీద అది గడపబోతూ పెళ్ళలు వద్దంటావా? రేకుల కప్పు ఎండున్నంతసేపు చుట్టం, ఎండ వాలితే పగవాడు. పొద్దున్నే గొర్రెల దొడ్డికి వెళ్ళి ఆ ముసలామెకి దండం పెట్టి పార అడుగు. ఆవు పేడ కాదు, అది భగ్గుమని మండి బూడిదవుతుంది. గొర్రె పెంటైతే ఏడాదంతా గిట్టల కింద నలిగి రాయిలా బిగుసుకుని ఉంటుంది. ముసలిదాని కోపంలాగా మెల్లగా, రోజంతా కాలుతుంది. మీ నర్సుల లావు పుస్తకమంత మందాన కోయి. రెండేసి ఒకదానికొకటి ఆనించి నిలబెట్టు, మధ్యలోంచి గాలి పోవాలి. బాగా ఎండాక గోడలా పేర్చి పైన పచ్చి పెంట పూయి, వాన దిగదు.

ఇవన్నీ నీకు తెలియనివా? జనవరిలో ఇద్దరం కలిసే కోశాం కదా. నావి తిన్నగా వచ్చాయి, నీవి వంకరటింకరగా. నూట నలభై రెండు. ఇంటి వెనకాల అలాగే ఉన్నాయి.

రేకుల కింద మొక్కజొన్న బస్తాలు విప్పి కట్టు, వాటి మీద ఎండుగడ్డి పరుచు. వేడి పైకి పోయే దొంగ, ముందు దాన్ని అక్కడ ఆపాలి. పడుకునేటప్పుడు కాళ్ళ దగ్గర కాల్చిన రాయి గుడ్డలో చుట్టి పెట్టుకో. ఏటి రాయి తేకు, నిప్పుల్లో పేలుతుంది. కొండ రాయి తీసుకో.

నువ్వు చెప్పావు కాబట్టి పొగ మానేశాను. ఇల్లు శుభ్రంగా ఉంది. పక్కింటి మాలిసెబో కడుపు మంట నీకు తెలుసు కదా, "మేనకోడలు నర్సయ్యాక మాపులెకి పొగ పడడం లేదు, దొరసాని అయిపోయింది" అని బావి దగ్గర అందరితో అంటోంది. అననీ.

అత్త మాపులె

*

హా లెకుకా క్లినిక్.
మే 11

అత్తా,

నిన్న తొలి గడ్డమంచు పడింది. బకెట్లో నీళ్ళ మీద పెంకు కట్టింది, చెంబుతో కొట్టి పగలగొట్టాను.

నాకేం భయం లేదు. నువ్వు చెప్పినట్టు రేకుల కింద బస్తాలు కట్టించాను. తలుపు కింద, కిటికీల చుట్టూ, గోడకీ రేకుకీ మధ్య ఉన్న సందుల్లో పాత గుడ్డపీలికలు కుక్కాను. ఇల్లు బిరడా బిగించిన సీసాలా ఉంది. హీటరు వెలిగిస్తే అరగంటలో కోటు తీసేయవచ్చు. పుస్తకంలో చెప్పినట్టు, వేడి తయారుచేయడం కన్నా ఉన్న వేడిని పోనివ్వకపోవడమే తెలివి. పొద్దున లేచేసరికి తల బరువుగా ఉంటోంది, ఒక్కోసారి వాంతి వచ్చేలా ఉంటుంది. ఎత్తు ప్రదేశం కదా, అలవాటు కావాలి.

పెళ్ళలు కోయలేదు. ఆ పని రోజులు దాటిపోయాయట.

ఇక్కడొక ఆచారముంది. గడ్డమంచు మొదలయ్యాక ఎవరి ఇంట్లో వాళ్ళు పొయ్యి వెలిగించుకోరు. అయిదారు ఇళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు మాటుమెలో చుట్టింట్లో చేరతారు. ఒక్కొక్కరూ కంబళి కింద ఒక పెళ్ళ దాచుకుని వస్తారు. నా కిటికీలోంచి చూస్తే ఊళ్ళో ఆడవాళ్ళందరికీ నెలలు నిండినట్టుంటుంది. ఆ పెళ్ళ పొయ్యి పక్కన దించాకే ఎవరైనా కూర్చుంటారు. వట్టి చేతులతో వచ్చే పని లేదు. అక్కడే వండుకుంటారు, అక్కడే పిల్లల్ని పడుకోబెట్టి కబుర్లు చెప్పుకుంటారు. అయిదిళ్ళ చలికి ఒకటే పొయ్యి.

నన్నూ రమ్మంటారు. క్లినిక్ పని వల్ల కుదరడం లేదు. హీటరు ముందు కూర్చుని రిజిస్టరు రాసుకుంటాను. వాళ్ళ నవ్వులు ఇక్కడిదాకా వినిపిస్తాయి. కిటికీ గాజు గాలిని ఆపుతుంది కానీ నవ్వుల్ని ఆపదు.

అందరూ నన్ను బాగా చూసుకుంటున్నారు. నా గురించి దిగులు పెట్టుకోకు. నీకు వెచ్చగా ఉంటోందా?

నీ
పుసెలెట్సో

*

హా రమొసా.
జూన్ 1

పుసే,

ఎలా లేచావు? నేను బాగానే లేచాను.

ముందు లేచి వెళ్ళి ఆ కిటికీ సందులో గుడ్డ ఒకటి పీకెయ్. పీకాకే ఈ ఉత్తరం మిగతాది చదువు.

పీకావా? తల బరువు, వాంతి, ఇదంతా ఎత్తు వల్ల కాదు. మీ మామ బతికుండగా గని పని నుంచి ఇంటికి వచ్చినప్పుడల్లా చెప్పేవాడు, లోపల ఒక చెడ్డగాలి ఉంటుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, మనిషి నిద్ర వస్తోందనుకుంటాడు, మళ్ళీ లేవడు అని. నిప్పు ఏదైనా గాలి తాగుతుంది. నువ్వు దానికి గాలి లేకుండా చేస్తే నీది తాగుతుంది. పొగ కనిపించదు కాబట్టి పొగ లేదనుకున్నావా? ఊరందరికీ పొగ పాఠం చెప్పిన నర్సమ్మవి!

ఇంకొకటి. నీ ముందు ఉత్తరంలో అక్షరాలు గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. ఈ ఉత్తరంలో పెళ్ళిలో తాగినవాళ్ళలా అటొకటి ఇటొకటి పోతున్నాయి. చేతి తొడుగులు వేసుకుని రాశావు కదూ? కోటు తీసేసేంత వెచ్చగా ఉన్న ఇంట్లో తొడుగులు ఎందుకే? సాయంత్రం క్లినిక్ పని ఏమిటి? ఆ చలిలో నీ మాత్రల కోసం కొండ దిగి వచ్చే రోగి ఎవడు? అబద్ధమాడినా అతికినట్టుండాలి పిల్లా.

నీకు మూడేళ్ళప్పుడు మా అన్న నిన్ను నా చేతికిచ్చి వెళ్ళాడు, ముక్కు కారుతూ ఉన్నావు. పెళ్ళైన రోజునే మా అత్తగారు నాకు మాపులె అని పేరు పెట్టింది. పుట్టబోయే పూలెకి అమ్మ అని. పూలె అంటే వాన. ఎన్నేళ్ళు చూసినా ఆ వాన రాలేదు, నువ్వొచ్చావు. ఆ చలికాలం నీకో మూడుకాళ్ళ పీట చెక్కించాను. అది పొయ్యికి అవతలివైపు అలాగే ఉంది. నువ్వు దాని మీద కూర్చుని నీ పాఠం నాకు చెప్పేదానివి, నేను పెళ్ళలు తిప్పుతూ వినేదాన్ని. ఏడు ఎనిమిదులు యాభై ఆరు. ఇప్పటికీ గుర్తుంది.

నా గురించి అడిగావు. కంబళ్ళు రెండున్నాయి. తొందరగా పడుకుంటాను. చలికాలం పగలు ఎలాగూ చిన్నది, దాన్ని ఇంకాస్త చిన్నది చేసుకుంటే గడిచిపోతుంది.

అత్త మాపులె

*

హా లెకుకా క్లినిక్.
జూన్ 27

అత్తా,

పెన్నులో సిరా బిగుసుకుపోయింది, అందుకే పెన్సిలుతో రాస్తున్నాను. నువ్వు ఎలాగూ పసిగడతావు కాబట్టి ముందే చెప్తున్నాను, తొడుగులు వేసుకునే రాస్తున్నాను.

గుడ్డ పీకేశాను. రెండో రోజుకే తలబరువు పోయింది. దాంతో పాటు వేడీ పోయింది. ఆ జబ్బు లక్షణాలు నా పుస్తకంలో నలభై ఒకటో పేజీలో ఉన్నాయి అత్తా. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. నా ఒంట్లోకి వస్తే గుర్తుపట్టలేకపోయాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తొమ్మిది రోజుల నుంచి మంచు పడుతోంది. దారి మూసుకుపోయింది, జీపు రాలేదు. డబ్బాలో కిరసనాయిలు నాలుగు వేళ్ళ మందం మిగిలింది. దాన్ని హీటర్లో పోయడానికి లేదు, సూదులు ఉడకబెట్టే స్టవ్వుకి కావాలి. సాయంత్రం నాలుగింటికే అన్ని బట్టలూ ఒకదాని మీద ఒకటి వేసుకుని మంచం ఎక్కుతున్నాను. రేకుల లోపలివైపు నా ఊపిరే గడ్డకట్టి తెల్లగా పేరుకుంటుంది. పొద్దున ఎండ తగిలితే అది కరిగి నా మీదే కురుస్తుంది. నా ఇంట్లో నేను తయారుచేసుకున్న వాన.

నన్ను ఎవరూ రమ్మనలేదు. నీకు అబద్ధం రాశాను. మార్చిలో వద్దన్నది నేను, ఇప్పుడు పెళ్ళ లేనిదాన్ని ఎవరు రమ్మంటారు? వట్టి చేతులతో గడప తొక్కకూడదని నాకు తెలుసు. తెలిసీ వెళ్ళి నిలబడితే, చదువుకున్నమ్మాయి చివరికి అడుక్కోవడానికి వచ్చిందనుకోరా? పగలు వాళ్ళు క్లినిక్‌కి వస్తారు, పిల్లల్ని తూకం వేయిస్తారు, నేను చెప్పింది వింటారు, వెళ్ళిపోతారు. రోజుకి ముప్పై మంది ఒంటి మీద చెయ్యి వేస్తాను. నా భుజం మీద చెయ్యి వేసిన మనిషి లేదు.

ఇదంతా చెప్పింది జాలి కోసం కాదు. నేను ఒక నిజం చెప్పాను కాబట్టి నువ్వు ఒకటి చెప్పాలి.

నేను కాలేజీలో ఉన్నప్పుడు నువ్వు పంపిన కొత్త బట్టలు కూడా మన పొయ్యి వాసన వచ్చేవి. తోటి పిల్లలు ముక్కు మూసుకుంటే నేను సిగ్గుపడేదాన్ని. నిన్న రాత్రి నీ రెండు ఉత్తరాలూ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను, ఆ వాసన కోసం. పొగ వాసన లేదు. సరే, నేనే మానమన్నాను కదా అనుకున్నాను. కిరసనాయిలు వాసన కూడా లేదు. ఆ హీటరు ఉన్న ఇంట్లో కాగితాలే కాదు, అన్నం కూడా ఆ వాసనే వస్తుంది, నాకు తెలుసు. నీ ఉత్తరానికి ఏ వాసనా లేదు.

అత్తా, నువ్వు ఇంట్లో ఏం వెలిగిస్తున్నావు?

ఊరి పెద్ద పని మీద ఒకాయన గుర్రం మీద మొఖొట్లొంగ్ వెళ్తున్నాడు. ఆయన చేతికి ఇది ఇస్తున్నాను.

పుసెలెట్సో

*

హా రమొసా.
జూలై 9

పుసే,

ఎలా లేచావు? నేను లేచాను.

ఏమీ వెలిగించడం లేదు. నువ్వు ఫిబ్రవరిలో బస్సెక్కిన రోజు పొద్దున నీకు అంబలి కాచాను. అదే ఆఖరు. నువ్వు కొనిచ్చిన హీటరు పెట్టెలోంచి కూడా తీయలేదు. సంకటి బయట మూడు రాళ్ళ మీద, నాలుగు పుల్లలతో, రెండు రోజులకొకసారి వండుకుంటున్నాను. చల్లగా తింటాను.

నువ్వు మానమన్నావని మానానని రాశాను. అది అబద్ధం. నువ్వు చెప్పావని మానలేదు. నువ్వు లేవని మానేశాను. ఒక్క మనిషికి ఒక పొయ్యి ఏమిటి అనిపించింది. వెలిగించి, ఇవతల నేను కూర్చుంటే, అవతల ఆ పీట కనిపిస్తుంది. వెలిగించకపోతే చీకట్లో కనిపించదు.

ఆ పెళ్ళల దగ్గరికి వెళ్ళాను. రెండుసార్లు. చేతికి ముందు నీ వంకరవే వచ్చాయి. మళ్ళీ పెట్టేశాను.

దగ్గు ఉంది. రాత్రిళ్ళు ఎక్కువ. పొగ మానేసి అయిదు నెలలైంది, దగ్గు మాత్రం మానలేదు. ఈ సంగతి కూడా మీ కాలేజీలో చెప్పు. ఇక్కడి క్లినిక్‌కి నడిచి వెళ్ళాలంటే ఒంట్లో సత్తువ లేదు. నువ్వు రాలేవని తెలుసు, దారి లేదు కదా. రమ్మనడం లేదు.

ఒక్క మాట. నువ్వు ఆ ముసలామె గడప తొక్కు. అక్కడ పొయ్యి దగ్గర కూర్చుని నాకు ఉత్తరం రాయి. అడగడం తప్పు కాదు, అడగకుండా గడ్డకట్టి చావడం తప్పు. నీ కాగితం పొగ వాసన వచ్చిన రోజు నేను నా పొయ్యి వెలిగిస్తాను. రాకపోతే వెలిగించను. నేను మొండిదాన్ని, నువ్వు ఎరుగుదువు.

అత్త

*

మాటుమెలో ఇల్లు,
హా లెకుకా.
జూలై 19

అత్తా,

పైన ఊరి పేరుకి ముందు ఏం రాశానో చూశావు కదా.

నీ ఉత్తరం గుర్రం మీద ఇవాళ మధ్యాహ్నం చేరింది. "నేను లేచాను" అని ఉంది. "బాగానే" లేదు. ఆ ఒక్క మాట కోసం కాగితం వెనక్కి తిప్పి కూడా వెతికాను. క్లినిక్ తాళం వేసి, ఉన్నదాన్ని ఉన్నట్టు, మోకాలి లోతు మంచులో నడిచి వెళ్ళి ఈ గడప ముందు నిలబడ్డాను.

తలుపు తట్టే బదులు అందరిలాగే "కొకో!" అని పిలిచాను.

"ఎవరదీ?" లోపల నవ్వులు ఆగాయి.

"నర్సుని."

"ఎవరికి జబ్బు?" అంది మాటుమెలో.

"ఎవరికీ కాదు. నాకు చలేస్తోంది."

తలుపు తెరుచుకుంది. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "ఆ ఒక్క మాట అనడానికి మార్చి నుంచి జూలై దాకా పట్టిందా? ఎంత చదివావు తల్లీ!" అంది.

"నా దగ్గర పెళ్ళ లేదమ్మా" అన్నాను.

"ఎవరు చెప్పారు?" అని బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి లాక్కుపోయింది. అక్కడ మంచు కింద రెండు పేర్పులున్నాయి, ఒకటి పెద్దది, పక్కనే ఒకటి చిన్నది. చిన్నదాని మీద మంచు తుడిచింది. పైన పూసిన పూత ఎక్కడా పగలలేదు. "నీ మూలలోవి ఇవి. నువ్వు రాలేదని దొడ్డిలో మూల వదిలేస్తామా? కోసి విడిగా పెట్టాం. ముప్పై ఆరు. అడుగుతావని చూశాం" అంది.

"మీరే ఒక మాట చెప్పి ఉండకూడదా?"

"వద్దన్నదాని గుమ్మంలోకి పెంట మోసుకొస్తే బాగుంటుందా? నీ పరువు నీకెంతో మా పరువు మాకంత" అంది. పూత పగలగొట్టి ఒక పెళ్ళ నా చేతిలో పెట్టింది. "కంబళి కింద పెట్టుకో. అందరూ వచ్చినట్టే రా."

నేను దాన్ని కంబళి కింద పొట్టకి ఆనించుకుని, మళ్ళీ గడప దగ్గరికి వెళ్ళి, మళ్ళీ "కొకో" అన్నాను. "రా రా, ఎన్నో నెల?" అని లోపలి నుంచి ఎవరో అన్నారు. అందరూ పడీ పడీ నవ్వారు. ఈసారి నవ్వు నాకు కిటికీ ఇవతల నుంచి వినిపించింది.

లోపలికి వెళ్ళి నిలబడితే కళ్ళు మండాయి, దగ్గొచ్చింది. "కూర్చోవమ్మా, ఈ పొగ నిలబడ్డవాళ్ళనే పట్టుకుంటుంది" అన్నారు. కూర్చున్నాను. నిజమే అత్తా, నేల దగ్గర గాలి తేటగా ఉంది, పొగంతా తల పైన గొడుగులా నిలిచి గడ్డి కప్పులోంచి మెల్లగా పోతోంది. మన ఇంట్లో కూడా అంతే కదా. నేల మీద పెరిగినదాన్ని, ఎప్పుడు మర్చిపోయాను?

పొయ్యిలో ఒక పెళ్ళ సరిగ్గా ఎండలేదు, అదొక్కటే తెల్లగా పొగ కక్కుతోంది. దాని పక్కనే ఒక పసిబిడ్డ దగ్గుతోంది. పాఠం చెప్పబోయి ఆగాను. "ఆ తడిదాన్ని గోడవార పెడదామా, పాప దగ్గుతోంది" అన్నాను. పాప వాళ్ళమ్మ వెంటనే తీసి పక్కన పెట్టింది.

"చూశారా, పక్కన కూర్చుని చెప్తే ఎంత బాగా అర్థమవుతుందో" అంది మాటుమెలో.

ఇక నుంచి వాళ్ళకి చెప్పబోయేది ఇదే. కాల్చొద్దని కాదు. బాగా ఎండినదే కాల్చమని, పిల్లల్ని తలుపు వైపు కూర్చోబెట్టమని. అయిదిళ్ళకి ఒక పొయ్యి అంటే అయిదు పొగల చోట ఒకటే పొగ. ఇది వాళ్ళు నాకు నేర్పిందే, వాళ్ళకే తిరిగి చెప్పాలి.

అంతా బాగైపోయిందని రాయను, నువ్వు నమ్మవు. వాళ్ళు చెప్పుకునేవన్నీ పాత సంగతులు, సగం నవ్వులు నాకు అర్థం కావు. ఇక్కడి నుంచి లేచి రేకుల ఇంటికి వెళ్తే అది ముందుకన్నా చల్లగా ఉంటుంది. నా ఎదురుగా పెళ్ళలు తిప్పే చెయ్యి నీది కాదు. కానీ వెచ్చగా ఉంది. తొడుగులు తీసేసి రాస్తున్నాను, అక్షరాలు చూడు.

ఇప్పుడు నర్సుగా చెప్తున్నాను. పొయ్యి వెలిగించు. పేర్పులో పైవరస కాదు, మధ్యలోంచి తీయి, అవి ఎండి ఉంటాయి. కిటికీ వేలెడు తెరిచి ఉంచు. నీళ్ళు కాచి ఆవిరి పట్టు. ఈ ఉత్తరంతో పాటు మాత్రల పొట్లం పంపుతున్నాను, రోజుకి మూడు, ఏడు రోజులు, ఒక్కటి కూడా మానకూడదు. మాలిసెబోని తోడు తీసుకుని క్లినిక్‌కి వెళ్ళు. ఆమె నోటికి జడిసి వెళ్ళకపోతే నేను నీ కన్నా మొండిదాన్నవుతాను.

నా మాట నేను నిలబెట్టుకున్నాను. ముందు వాసన చూడు. తర్వాత చదువు.

నీ
పుసెలెట్సో

*

హా రమొసా.
ఆగస్టు 4

పుసే,

ఎలా లేచావు? నేను బాగానే లేచాను. ఈసారి నిజం.

విప్పి ముందు చదవలేదు. వాసన చూశాను. గొర్రె పెంట, నాలుగు నెలలు బాగా ఎండినది. ఆ ముసలామెకి పని తెలుసు.

అదే రోజు పొయ్యి వెలిగించాను. మధ్యలోంచి తీయమన్నావు. తీశాను. కానీ మొట్టమొదట నీ వంకరది ఒకటి వేశాను. దాన్ని ముందు వేయకపోతే ఇంక ఎప్పటికీ వేయలేనని నాకు తెలుసు. ఒక పక్క లావు, ఒక పక్క పల్చన. ఎంతకీ అంటుకోలేదు. అంటుకున్నాక సాయంత్రం దాకా ఆరలేదు.

కప్పులోంచి పొగ లేచేసరికి మాలిసెబో బకెట్టుతో నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "మాపులె ఇల్లు అంటుకుందో!" అని ఊరంతా వినబడేలా అరుస్తూ. గుమ్మంలో నన్ను చూసి బకెట్టు దించింది. "నీ ఇంట్లో పొగ చూసి ఎన్నాళ్ళైంది, ఇల్లే తగలబడుతోందనుకున్నాను" అంది. "దొరసాని ఇల్లు తగలబడితే నీకేం?" అన్నాను. "చలి కాచుకుందామని" అంది. కూర్చుంది. మర్నాడు వచ్చింది. ఆ మర్నాడు కంబళి కింద పెళ్ళ పట్టుకుని వచ్చింది, మీ కొండ ఆచారం ఆమెకి నేనే చెప్పాను. క్లినిక్‌కి కూడా ఆమే తీసుకెళ్ళింది, దారి పొడుగునా నన్ను తిడుతూ. మాత్రలు ఏడు రోజులూ వేసుకున్నాను. దగ్గు సగానికి దిగింది.

ఇప్పుడు ఆమె ఎదురుగా కూర్చుని ఏం రాస్తున్నావని అడుగుతోంది. పుసే గురించే రాస్తున్నానని చెప్పాను. చదువు రాదు కాబట్టి నమ్మింది. అక్షరాలు నేర్పమంటోంది. బొగ్గుముక్క తీసి పెట్టాను.

మొదటి రోజు ఆమె వస్తూనే నీ పీట లాక్కోబోయింది. అది వద్దు, చాప మీద కూర్చో అన్నాను. ఎవరికోసమే అంది. దాన్ని తీసి పొయ్యికి అవతల పెట్టాను. మళ్ళీ అడగలేదు.

ఆమె వెళ్ళాక నిప్పుల మీద బూడిద కప్పుతూ చెయ్యి చాచి ఆ పీటని ముట్టుకున్నాను, పుసే. ఎవరూ కూర్చోలేదు. అయినా వెచ్చగానే ఉంది.

అత్త మాపులె